విదర్భ సరిహద్దు ఊళ్లలో వడగాడ్పులను తట్టుకోవడం ఎలా

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, రాజురా, బల్లార్షా ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలు చాలావరకు హైదరాబాద్ నుంచి వచ్చే టీవీ వార్తల్లోనే వాతావరణ సూచనలు చూస్తుంటాయి. అవి తెలంగాణ జిల్లాలకు ఇచ్చే సూచనలు. ఈ ఊళ్లున్న గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలు మహారాష్ట్ర తూర్పు భాగమైన విదర్భ పరిధిలోకి వస్తాయి కనుక వాటి హెచ్చరికలు నాగపూర్‌లోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం నుంచి వెలువడతాయి. అందువల్ల వాతావరణ శాఖవారి మౌసమ్ యాప్‌లో మీ జిల్లా పేరుతో వెతికి, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఏ హెచ్చరిక ఉందో ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి.

హెచ్చరిక లేదు కదా అని నిశ్చింతగా ఉండటం మాత్రం మన ప్రాంతంలో ప్రమాదకరం. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైనప్పుడు గానీ, సాధారణంతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలకు చేరినప్పుడు గానీ వడగాడ్పుగా పరిగణిస్తారు. మే నెలలో చంద్రపూర్ వైపు సాధారణ ఉష్ణోగ్రతే 40 దాటి ఉంటుంది కాబట్టి, 44 డిగ్రీల ఎండ ఏ హెచ్చరికా లేకుండానే వచ్చిపోవచ్చు. పైగా ఆ అంకె గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో కొలిచినది. చెట్టు నీడ లేని చేనులోనో తునికాకు (బీడీ ఆకు) ఆరబెట్టే కల్లంలోనో మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువే. కనిష్ఠ ఉష్ణోగ్రతను కూడా తప్పక చూడాలి. రాత్రి చల్లబడకపోతే పగటి అలసట నుంచి శరీరం తేరుకోదు, రేకుల ఇళ్లలో పడుకునే ముసలివారికి ఆ రాత్రులే ఎక్కువ ప్రమాదం తెస్తాయి.

తునికాకు సేకరణ సరిగ్గా ఈ ఎండల్లోనే సాగుతుంది. ఆకు కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించి, కట్టలు కట్టే పనిని నీడకు మార్చుకోవాలి. మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు కల్లంలో ఆకు ఎండబెట్టే పని పెట్టుకోకపోవడమే మేలు, కూలీలను పిలిచేవారు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. ఎండకు అలవాటు లేనివారిని మొదటిరోజే పూర్తి పనికి దించకూడదు. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి వారికి మొదట కొద్ది గంటల పనే ఇచ్చి, రోజురోజుకూ పెంచాలి. పని చేస్తున్నంతసేపూ దాహం వేసేదాకా ఆగకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ గానీ జొన్న అంబలి గానీ తీసుకోవాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి ఇప్పుడు, సగం తర్వాత అని విడదీస్తే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలపవచ్చు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో నీళ్ల సీసా ఇంట్లో వదిలి వెళ్లవద్దు.

ఇంట్లో కూలర్ ఉంటే ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. గాలి బయటికి పోయే దారి లేకపోతే గదిలో తేమ పేరుకుని ఉక్కపోత పెరుగుతుంది. నీళ్లు పోసేముందు ప్లగ్ తీసేయడం ఎట్టి పరిస్థితిలోనూ మరవకూడదు, తడి చేతులతో కూలర్ ముట్టుకుంటే కరెంటు షాక్‌తో ప్రాణం పోవచ్చు. ఫ్యాను మాత్రమే ఉన్నవారు ఒంటిని తడిబట్టతో తుడుచుకుంటూ దాని కింద కూర్చోవాలి, ఎందుకంటే 40 డిగ్రీలు దాటిన గాలి పొడి ఒంటికి తగిలితే వేడిని పెంచుతుంది. రక్తపోటుకు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయకుండా, ఎండలు ముదరకముందే డాక్టరును అడగాలి.

తలనొప్పి, వాంతి, కండరాల పట్టివేత మొదలైతే పని ఆపి నీడకు చేరాలి. పేరు, ఊరు అడిగితే తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బగానే భావించాలి. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, కష్టపడి పనిచేస్తూ పడిపోయినవారికి చెమట ఆగకపోవచ్చు. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగిలినవారు బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరాలి. ఐసు దొరికితే బట్టలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కాబట్టి వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అడవి ఊళ్లకు అంబులెన్సు రావడం ఆలస్యమై ఆటోలోనో ట్రాక్టరులోనో తీసుకెళ్లవలసి వస్తే, రెండు బిందెల నీళ్లు వెంట పెట్టుకుని, ఆసుపత్రి చేరేవరకు ఒంటిపై పోస్తూనే ఉండాలి.