మే నెల పులుపు డిసెంబరు దాకా: ఫ్రీజర్లో దాచుకునే పద్ధతి

మద్రాసులో చలికాలమని విడిగా ఒకటి ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే మాకు చలికాలం. ఆ మూణ్ణెల్లూ కూరగాయల ధరలు కొండెక్కుతాయి. మునక్కాయ బేరం చెయ్యడానికి నోరు రాదు, మంచి పుల్ల మామిడికాయ కంటికి కనబడదు. అందుకని మార్చి నుంచి జూన్ దాకా చవగ్గా దొరికేవాటిలో కొన్నింటిని ఫ్రీజర్లో పెట్టుకుంటాను. కొన్నింటినే. చోటుంది కదా అని అందులో క్యారెట్లూ బీన్సూ కుక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. ఏడాది పొడుగునా బండి మీద దొరికేవాటికి ఆ చోటెందుకు?

మాది నెల్లూరు, ఉండేది పెరంబూరు. కాబట్టి మొదటి చోటు చింతచిగురుది. ఎండలు ముదిరాక మా వదిన పినాకిని రైల్లో వచ్చేవాళ్లెవరి చేతనైనా ఒక గుడ్డసంచీడు పంపిస్తుంది. సంచీ విప్పగానే పని మొదలెట్టాలి, మూట కట్టి ఉంటే సాయంత్రానికే వేడెక్కి నల్లబడుతుంది. లేత గులాబీ రంగులో, ఆకు ఇంకా పూర్తిగా విచ్చుకోనిది మేలు. ఆకు విడివడి పచ్చగా మారితే ముదిరినట్టే, దాన్ని ఆ పూటే పప్పులో వేసెయ్యండి. మిగతాది వెడల్పాటి బేసిన్లో నీళ్లు పోసి ఒకసారి ముంచి తియ్యండి, దుమ్ము అడుగుకు దిగుతుంది. నానబెట్టొద్దు. పాత నూలు చీర మీద పలచగా పరిచి, ఫ్యాను కింద ఆరనివ్వండి. వేళ్లతో తీసి అరచేతికి అద్దుకుంటే తడి తగలకూడదు, అదే కొలత. అప్పుడు జిప్ కవర్లలో వదులుగా నింపి, గాలి నొక్కి తీసేసి ఫ్రీజర్లో పెట్టండి.

దీనికో సుఖం ఉంది. మామూలుగా చిగురును అరచేతుల్లో నలిపి పుల్లలు ఏరడానికి గంట పడుతుంది. గడ్డకట్టిన చిగురు పెళుసుగా ఉంటుంది కాబట్టి కవరు బయటకు తీయగానే, మూత విప్పకుండానే పైనుంచి నలపండి. ఆకు పొడిపొడిగా రాలిపోతుంది, ఈనెలూ పుల్లలూ అలాగే మిగులుతాయి. జల్లెడలో ఒక్క ఊపు ఊపితే చాలు. ఆలస్యం చేస్తే మాత్రం మెత్తబడి ముద్దవుతుంది. రంగు కాస్త నల్లబడుతుంది, పులుపు ఎక్కడికీ పోదు. వానలు తెరిపిచ్చి కాశిమేడు చేపల రేవు నుంచి పచ్చిరొయ్యలు వచ్చిన రోజున దీని విలువ తెలుస్తుంది.

చిగురును అంతగా ఆరబెట్టమన్నది ఎందుకో చెప్తాను, ఇది అన్నిటికీ వర్తిస్తుంది. కూరగాయలో ఉన్న నీరు మెల్లగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవిగా తయారవుతాయి. అవి లోపలి కణాల గోడల్ని చీలుస్తాయి, కరిగాక కూర పీచుపీచై నీళ్లు కారుతుంది. ఫ్యాక్టరీల్లో మైనస్ 30 డిగ్రీలకన్నా చల్లటి గాలి కొట్టి నిమిషాల్లో గడ్డకట్టిస్తారు. మన ఇంటి ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఉంటే గొప్ప. అందుకే మనం చేయగలిగింది మూడు పనులు: తడి లేకుండా చూడ్డం, పలచగా పరచడం, ఒకేసారి ఎక్కువ పెట్టకపోవడం. 250 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్‌కి రోజుకు రెండు కిలోలు మించొద్దు. వెచ్చగా ఉన్నవి అసలు పెట్టొద్దు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐసు అరను నమ్ముకుని డిసెంబరు దాకా దాచకండి, నెలా రెండు నెలల్లో వాడెయ్యాలి.

మామిడికాయను ముందుగా మరిగే నీళ్లలో ముంచి తీసే తంటా లేదు, దాని పులుపే దాన్ని కాపాడుతుంది. కాయ ఎంచుకోవడంలోనే ఉంది కిటుకు. ఇక్కడ కిళిమూక్కు అని అమ్మే ముక్కుకాయ ఉప్పూకారం అద్దుకు తినడానికి బావుంటుంది కానీ పులిహోరకు చాలదు. గుండ్రంగా, గట్టిగా, గోరు దిగనంత పచ్చిగా ఉన్న నాటుకాయ అడగండి. కడిగి, తుడిచి, చెక్కు తీసి పెద్ద కన్నాల కోరుతో కోరండి. చిటికెడు పసుపు కలిపి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, రెండు మూడు గంటలు ఫ్రీజర్లో ఉంచండి. గట్టిపడ్డాక అట్లకాడతో లేపి కవర్లలోకి ఎత్తండి. ఈ మెట్టు దాటేసి నేరుగా కవర్లో కుక్కితే ఇటుకే, పచ్చడిబండతో కొట్టినా విడదు. పప్పుకు ముక్కలు కూడా ఇలాగే. వాడేటప్పుడు కరిగించకుండా నేరుగా పోపులో వెయ్యండి. నీరు వదులుతుంది, అది ఇగిరాకే అన్నంలో కలపండి. ఆవకాయకు మాత్రం ఈ ముక్కలు పనికిరావు, మెత్తబడతాయి. వాటితో ఊరగాయ పెడదామని ఎవరైనా అంటే వినకండి.

బంగినపల్లి పండును ముక్కలుగా దాస్తే కరిగాక జావే. నీళ్లు చుక్క కూడా పోయకుండా మిక్సీలో గుజ్జు చేసి, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి ఐసు ట్రేల్లో పోసుకోవాలి. బిళ్లలు గట్టిపడ్డాక కవర్లోకి మార్చండి. భోగినాడు రవ్వకేసరిలో రెండు బిళ్లలు వేస్తే వచ్చినవాళ్లు ఎక్కడిదని అడుగుతారు.

మునక్కాయ, పనసపొట్టు వేరే జాతి. పులుపు లేదు కాబట్టి లోపలి ఎంజైములు చలిలోనూ మెల్లగా పని చేస్తూనే ఉంటాయి, కొన్నాళ్లకు పచ్చిగడ్డి వాసన వస్తుంది. వాటిని ఆపడానికి మరిగే నీళ్లు కావాలి. వేలెడు మునక్కాయ ముక్కల్ని తెర్లే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో మరో రెండు నిమిషాలు ముంచి, గుడ్డ మీద ఆరబెట్టండి. లేతవే తీసుకోండి, గింజ ముదిరితే ఫ్రీజరు ఏమీ చెయ్యలేదు.

పనసపొట్టుకు లేత కాయ మార్చి, ఏప్రిల్‌లో కోయంబేడు మార్కెట్లో దొరుకుతుంది. కత్తికీ చేతులకూ నూనె రాసుకోకుండా ముట్టుకుంటే జిగురు రెండు రోజులు వదలదు. మా అమ్మ పెద్ద కత్తితో పొట్టు కొట్టేది. ఇప్పుడు అపార్టుమెంట్లో ఆ చప్పుడు చేస్తే కిందవాళ్లు పైకొస్తారు. ముక్కలు చేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది. పసుపు, ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, నీళ్లు గట్టిగా పిండేసి దాచండి. కార్తీక సోమవారాల్లో ఉల్లీ వెల్లుల్లీ లేని కూర ఏం చెయ్యాలా అని తల పట్టుకునే పని ఉండదు, ఆవ పెట్టి పోపేస్తే అయిపోయింది.

దోసకాయ, సొరకాయ, తాటిముంజలు వద్దు. అన్నీ నీళ్లే.

కవర్ల సంగతి. ఒక పూటకు సరిపడేంతే ఒక్కో కవరులో. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించే అవసరం రాకూడదు. పుస్తకాల్లా పలచగా పేర్చండి. గుజ్జు డబ్బాలో పోస్తే పైన వేలెడు ఖాళీ ఉంచండి, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. పేరూ నెలా మాస్కింగ్ టేపు మీద రాసి అంటించండి, కవరు మీద రాసిన మార్కరు తడికి చెదిరిపోతుంది. పచ్చిముద్ద గోంగూరో చిగురో జనవరిలో పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు. చలికి సూక్ష్మజీవులు నిద్రపోతాయంతే, చావవు. అందుకే పులుపు లేనివాటిని గట్టు మీద గంటల తరబడి కరగనివ్వకుండా నేరుగా పులుసులోనో బాణలిలోనో వెయ్యండి.

ఇక మన ఊరి అసలు భయం కరెంటు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తియ్యకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటల దాకా చల్లదనం నిలుపుతుంది, సగమే నిండితే 24 గంటలు. కాబట్టి తుపాను హెచ్చరిక వినగానే ఖాళీ ఉన్న చోటల్లా నీళ్ల సీసాలు, మెడ దాకా కాకుండా కాస్త వెలితిగా నింపి పెట్టెయ్యండి. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి అక్కడే ఉంచండి. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చినా అది చెప్తుంది. బిళ్ల పైనే ఉంటే పర్లేదు. గ్లాసు అడుగుకు చేరిందంటే మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, అప్పుడు మునక్కాయనూ పనసపొట్టునూ వాసన చూసి తేల్చుకోవాలనుకోకండి, పారెయ్యండి.