తొట్లకొండ నుంచి భీమిలి దాకా: నీటి జాడ వెంట ఒక రోజు నడక

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు ఒడ్డు వెంబడి సాగే సుమారు 25 కిలోమీటర్ల దారి ఇప్పుడు నగర శివారుగా మారిపోయింది. కారులో వెళ్లేవారు సముద్రాన్ని చూసి తిరిగి వస్తారు. కొండలను, దిబ్బలను, పాత రేవును కాలినడకన చూడదలచినవారు మాత్రం ఎక్కడ ఆగినా ముందుగా నీళ్లెక్కడున్నాయో వెతకాలి. ఈ తీరాన మనుషులు ఎక్కడ, ఎందుకు నిలిచారో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం నాకు కనిపించలేదు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం కనుక డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. తెల్లవారగానే భీమిలి వైపు వెళ్లే ఆర్టీసీ 900కె బస్సెక్కి మంగమారిపేట దగ్గర దిగండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తలకు గుడ్డ, గట్టి చెప్పులు తప్పనిసరి. అక్కడి ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం సముద్రం పాటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గి, ఉన్నప్పుడే దగ్గరగా చూడటానికి వీలవుతుంది కాబట్టి, ఆ వేళ ఎప్పుడో ముందురోజే చేపల వేటకు వెళ్లేవారిని అడిగి తెలుసుకోవడం మంచిది. పోటు మొదలైతే రాళ్ల మీద నిలబడకండి.

తరువాత తొట్లకొండ ఎక్కాలి. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో బయటపడిన ఈ బౌద్ధారామాన్ని రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వింది. పైకి చేరగానే అందరూ మహాస్తూపం వైపు నడుస్తారు. మీరు ముందు తొట్ల దగ్గరకు వెళ్లండి, ఎందుకంటే కొండకు పేరు తెచ్చినవి అవే. వాననీటిని నిలవ చేసుకోవడానికి కొండరాతినే తొలిచి చేసిన ఈ గోతుల అంచున ఒక నిమిషం కూర్చుంటే, పాచి పట్టిన నీటికి పైన తడి ఎంతవరకు ఎక్కి దిగిందో చెప్పే చారలు రాతి మీద కనిపిస్తాయి. ఊరు కింద, సముద్రం ఉప్పు, కొండ మీద ఊట లేదు. అయినా భిక్షువులు ఏడాది పొడవునా ఇక్కడ ఉండగలిగారంటే అది ఈ తొట్ల చలవే. ఆ తరువాత విహారపు గదులు, వంటశాల, భోజనశాల వరుసగా చూస్తే ఒక్కొక్కటి ఎందుకు ఎక్కడ కట్టారో తేలిగ్గా అర్థమవుతుంది. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. స్తూపం అంచున నిలబడి సముద్రం వైపు చూసినప్పుడు, ఓడల మీద వచ్చినవారితో ఈ కొండకు ఉన్న సంబంధం ఆ నాణేల వల్లే మనసుకు తడుతుంది. 2019 అక్టోబరు వానలకు ఈ మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది; ఫొటో కోసం ఇటుకల మీద కాలు పెట్టడం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు. పక్కనున్న బావికొండకు కూడా నీటి బావుల వల్లనే ఆ పేరు వచ్చింది. దానిని మరో రోజుకు ఉంచుకోండి, ఒకే పూటలో రెండు కొండలు ఎక్కితే రెండూ సరిగా చూసినట్టు కాదు.

మళ్లీ బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు నిజానికి వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. రేణువులకు పట్టిన ఇనుప తుప్పు వల్ల ఎర్రబడింది. చిటికెడు తీసి అరచేతిలో నలిపి చూడండి, వేళ్లకు ఎర్రని నుసి అంటుకుంటుంది. ఇక్కడ నీరు నిలవదు, కోస్తుంది. వాన కోసిన గెడ్డల (వాగుల) అడుగునే నడవాలి. అంచుల మీద నడిస్తే మట్టి విరిగి పడుతుంది, మీకూ ప్రమాదం, దిబ్బకూ నష్టం. మలుపులు ఒకే తీరుగా ఉంటాయి కనుక లోపలికి వెళ్లేటప్పుడు సముద్రం ఏ వైపున ఉందో గుర్తు పెట్టుకోండి. వాన పడే సూచన ఉంటే అసలు దిగవద్దు.

మధ్యాహ్నం దాటాక భీమిలి చేరండి. బొర్రా గుహల నుంచి దిగి వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. రేవుకు ఈ ఏటి ముఖమే ఆధారం కావడంతో పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థిరపడ్డారు. 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది, 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి సమాధుల్లో గోపురాల్లా నిలువుగా కట్టినవి ఉన్నాయి. ఉప్పుగాలికి రాతలు అరిగిపోతున్నాయి కనుక చేత్తో రుద్దకండి, సాయంకాలపు ఏటవాలు వెలుగులో అక్షరాలు వాటంతట అవే తేలుతాయి. ఓపిక మిగిలితే ఊరికి ఆనుకుని ఉన్న పావురాళ్లకొండ సగం దాకా, నరసింహస్వామి గుడి వరకు ఎక్కి, ఏరు సముద్రాన్ని కలిసే చోటును పైనుంచి చూడండి. ఆ కొండ మీద కూడా రాతి తొట్లు ఉన్నాయి. చీకటి పడేలోగా దిగి, తిరుగు బస్సు వేళను బస్టాండులో కనుక్కుని, అంతవరకు ఒడ్డున ఉడికించిన తేగలు తింటూ కూర్చోవచ్చు.