పాత బాక్‌స్టర్ కొనే ముందు కారు కిందికి ఒకసారి తొంగి చూడండి

కాలిఫోర్నియాలో పాత పోర్షే బాక్‌స్టర్ మీద మనసు పడ్డవారు రంగు, సీట్ల తోలు చూసి మురిసిపోతారు. నేనైతే ముందు టార్చిలైటు పట్టుకుని కారు కింద దూరతాను. చూడవలసింది కెటలిటిక్ కన్వర్టర్, అంటే ఇంజన్ పొగలోని విషవాయువులను తగ్గించే భాగం.

కంపెనీ బిగించినదైతే లోహం మీద పోర్షే పేరో, భాగం నంబరో చెక్కి ఉంటుంది. బయట కొని వేసినదానిపై సాధారణంగా పొగ వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తు కనిపిస్తుంది. బాణం ఉన్నంత మాత్రాన బెంగపడక్కరలేదు. దాని పక్కన ‘డి’ అక్షరంతో మొదలయ్యే ఆమోద సంఖ్య ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కాలిఫోర్నియా గాలి నాణ్యత మండలి ఇచ్చే సంఖ్య అది. ‘ఎన్’తో మొదలయ్యే వరుస ఒక్కటే కనిపిస్తే అది అమెరికా సమాఖ్య ప్రమాణానికి చేసినది, ఇక్కడి స్మాగ్ పరీక్షలో, అంటే పొగ కాలుష్య పరీక్షలో, అది చెల్లదు. సంఖ్య ఉన్నా సరే, మండలి వెబ్‌సైటులో వెతికి, ఆ సంవత్సరపు మోడలుకూ, ఇంజన్ రకానికీ ఆమోదం ఉందో లేదో సరిచూసుకోండి.

కన్వర్టర్ పనితీరును కనిపెట్టే వెనుక ఆక్సిజన్ సెన్సరు కింద అదనపు గొట్టపు ముక్క బిగించి ఉంటే మాత్రం నేను బేరం ఆడను, లేచి వచ్చేస్తాను. అది కన్వర్టర్ బాగానే ఉందని కారు కంప్యూటర్‌ను మోసం చేసే ఏర్పాటు!

అమ్మేవారే 90 రోజుల లోపు తీసుకున్న స్మాగ్ ధ్రువపత్రం ఇవ్వాలి. మొహమాటపడకుండా అడగండి.