ఫోటోల సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు, కంప్యూటర్ మార్చే ముందు: ట్యాగులు ఎక్కడున్నాయో చూసుకోండి

ఈమధ్య తెనాలిలో మాకు తెలిసిన ఒక స్టూడియో ఆయన కొత్త కంప్యూటర్ కొన్నాడు. డీ డ్రైవ్ మొత్తం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, పాతదాన్ని ఫార్మాట్ కొట్టి బంధువుల పిల్లాడికి ఇచ్చేశాడు. ఫోటోలన్నీ వచ్చాయి, ఒక్కటీ పోలేదు. పోయినవి ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని పెట్టిన ట్యాగులు: ఎవరి పెళ్లి, ఏ ఊరు, పెళ్లికూతురి మేనమామ ఎవరు. అవన్నీ సీ డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ దాచుకున్న డేటాబేస్ ఫైల్లో ఉన్నాయట, దాన్ని ఆయన ఎప్పుడూ చూడనే లేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "నాన్నగారు పోయారండీ, ఆ పెళ్లిలో తీసిన ఫోటో ఒకటి కావాలి" అంటే వేల ఫోటోలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ కూర్చోవాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి చాలామంది కంప్యూటర్లు మారుస్తున్నారు, పనిలో పనిగా ఫోటోలు సర్దుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదని అడుగుతున్నారు. బ్యాకప్ తీసుకోండి, రెండు చోట్ల పెట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేద్దాం. నేను చెప్పేది ఒక్కటే: మీరు పెట్టిన ట్యాగ్ ఫోటో ఫైల్లో పడుతోందా, సాఫ్ట్‌వేర్ పొట్టలోనే ఉండిపోతోందా?

ఎంచుకునేటప్పుడు

స్పీడు, ముఖాలు గుర్తుపట్టడం, అందమైన ఆల్బమ్‌లు, ఇవన్నీ తర్వాత. ముందు ఒక ఫోటోకి ట్యాగ్ పెట్టి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌లో చూడండి. విండోస్‌లో రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అక్కడ ట్యాగ్స్ అనే వరుస ఉంటుంది. జేపెగ్ (.jpg) ఫోటోకి అక్కడ మీ ట్యాగ్ కనిపించలేదంటే అది ఫోటోతో రాలేదన్నట్టే.

పికాసా అనే ఫోటోల సాఫ్ట్‌వేర్ గుర్తుంది కదా, 2016లో గూగుల్ ఆపేసింది. అందులో జేపెగ్ ఫోటోలకి పెట్టిన కీవర్డులు (ట్యాగులే) ఫైల్లోకే వెళ్లేవి కాబట్టి ఇవాళ్టికీ వేరే సాఫ్ట్‌వేర్‌లో చదువుకోవచ్చు. ముఖాలకి పెట్టిన పేర్లు మాత్రం మామూలుగా దాని సొంత ఫైళ్లలో ఉండేవి, చాలామందికి అవి దక్కలేదు. ఒకే మనిషి ఒకే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనిలో సగం మిగిలి సగం పోయింది.

అడోబీ వాళ్ల లైట్‌రూమ్ క్లాసిక్‌లో ట్యాగులు కేటలాగ్‌లో, అంటే దాని సొంత డేటాబేస్‌లో ఉంటాయి, ఫైల్లోకి వాటంతట అవి వెళ్లవు. కేటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫోటో గురించిన వివరాలు) కింద మార్పుల్ని ఎక్స్‌ఎంపీ (ట్యాగుల్ని ఫోటో ఫైల్లోనో పక్కన విడి ఫైల్లోనో రాసే పద్ధతి)లోకి ఆటోమేటిక్‌గా రాయమనే ఆప్షన్ ఆన్ చేయండి, లేదా ఫోటోలు సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ కొట్టండి. డిజికామ్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో కూడా సెట్టింగ్స్‌లో మెటాడేటా దగ్గర ఇమేజ్ ట్యాగులు, ఫేస్ ట్యాగులు రెండింటికీ టిక్ ఉందా అని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. గూగుల్ ఫోటోస్‌లో వెతకడం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ అది చేసే ముఖాల గ్రూపులు మీ ఫైల్లోకి రావు, మీరు రాసుకున్న వివరణలు టేకౌట్ (మన డేటా దించుకునే గూగుల్ సదుపాయం)లో దించుకుంటే పక్కన విడి జేసన్ (.json) టెక్స్ట్ ఫైళ్లుగా వస్తాయి.

తెలుగులో ట్యాగులు పెట్టేవాళ్లకి

ఫోటో ఫైల్లో ట్యాగులు రాసే పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక కీవర్డుకి 64 బైట్లే చోటు. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు, తెలుగులో అక్షరానికీ గుణింతం గుర్తుకీ సున్నాకీ విడివిడిగా మూడేసి, ఒత్తుకి ఆరు బైట్లు పడతాయి. "సత్యనారాయణ స్వామి వ్రతం" లెక్కేస్తే ఖాళీలతో కలిపి 65. ఒక్క బైటు ఎక్కువై చివరి అక్షరం తెగిపోవచ్చు! ఎక్స్‌ఎంపీలో ఈ బాధ లేదు, కానీ చాలా సాఫ్ట్‌వేర్లు రెండు చోట్లా రాస్తాయి, ఏది చదువుతాయో మన చేతిలో లేదు. అందుకే "వ్రతం" అని చిన్నగా పెట్టుకోండి, ఊరు వేరే ట్యాగ్, ఏడాది వేరే ట్యాగ్.

ఇక మిగతావి, వరసగా చెప్పేస్తాను.

రా ఫోటోల (కెమెరా నేరుగా ఇచ్చే RAW ఫైళ్ల) పక్కన ఉండే .xmp ఫైళ్లు చెత్త అనుకుని తీసేయకండి, మీ ట్యాగులు వాటిలోనే ఉంటాయి. ఫోటోని జరిపితే దాన్నీ జరపండి.

లైట్‌రూమ్ వాడేవాళ్లు ఫోల్డర్లని బయట ఎక్స్‌ప్లోరర్‌లో జరపొద్దు, సాఫ్ట్‌వేర్ లోపలే జరపండి. లేకపోతే ఫోటో ఎక్కడుందో దానికి తెలియదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ ఉండదు. IMG-20231112-WA0007 లాంటి ఫైల్ పేరులో ఉన్న తేదీయే దిక్కు, అదీ వాట్సాప్‌లోకి వచ్చిన రోజుది. అలాంటి ఫైళ్ల పేర్లు మార్చకండి. అసలు ఫోటో కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

డూప్లికేట్లు తీసేసే టూల్ ముందే నడపకండి. రెండు కాపీల్లో ట్యాగ్ ఉన్నదాన్నే తీసేస్తే ఏం చేస్తారు?

అమ్మమ్మ పెళ్లి ఫోటో స్కాన్ చేస్తే దాని తేదీ స్కాన్ చేసిన రోజే పడుతుంది. వెంటనే మార్చండి.

ఫోన్ నిండిపోయిందని గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ నొక్కకండి, క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో ఉండేది 60 రోజులే. ఫోన్ ఒక్కటే ఖాళీ చేయడానికి "ఫ్రీ అప్ స్పేస్" వేరే ఉంది.

ట్రయల్ వెర్షన్‌లో మొత్తం కలెక్షన్ ఎక్కించకండి. ఒక ఫంక్షన్ ఫోల్డర్ చాలు.

"మా సాఫ్ట్‌వేర్‌లో అన్నీ సేఫ్ సార్" అంటే నమ్మకండి, పెన్‌డ్రైవ్ టెస్ట్ మీరే చేయండి. ట్యాగ్ ఫోటోలో పడిందా లేదా అని అడగండి. మళ్లీ అడగండి.

పాత కంప్యూటర్ ఫార్మాట్ చేయడం అన్నిటికన్నా చివరి పని. కొత్తదాంట్లో ఓ పది పాత ఫోటోలు తెరిచి ట్యాగులు కనిపించేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి, షాపువాడు ఎక్స్ఛేంజ్‌లో రెండు వేలు ఎక్కువిస్తానన్నా సరే.