చవక లీవర్ రైఫిల్ కొనే ముందు జేబులో అయస్కాంతం పెట్టుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఇప్పుడు ఏ వాడలో చూసినా ఒకరో ఇద్దరో టెక్సాస్‌లోనో నార్త్ కరోలినాలోనో ఉంటున్నారు. వాళ్ళల్లో కొందరికి శని, ఆదివారాలు రేంజ్‌కి, అంటే తుపాకీతో గురి కొట్టే చోటికి, పోవడం అలవాటైంది. కింద లీవర్ తిప్పి కాల్చే పాయింట్ 22 రైఫిల్ మీద మనసు పడుతుంది, షాపులో ఫోటో తీసి పంపిస్తారు. "బావా, నువ్వు లేత్ మిషన్ పనోడివి కదా, గిది మంచి ఇనుమేనా?" అని మా బావమరిది అడిగే ప్రశ్న కూడా అదే. ఫోటోలో ఇనుము తెలియదు, చేత్తో పట్టుకునే చూడాలి. ఎట్లా చూడాలో రాస్తున్నా.

ముందు కాగితాల సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, షాపువాణ్ణి కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. షాపులో ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి, ఆ రాష్ట్రం రూల్స్ అదనం. ఇక ఇక్కడ ఊళ్ళో ఉన్నవాళ్ళకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాలి, అది ఉన్నా బయటి దేశం నుంచి తెప్పించాలంటే దానికి వేరే అనుమతి కావాలి. కాబట్టి వచ్చేటప్పుడు పట్టుకురమ్మని ఎవరికీ చెప్పకండి. పత్తి చేలో అడవి పందుల కోసం పనికొస్తుందా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. పాయింట్ 22 తూటా పందికి చాలదు, దాన్ని గాయపరిచి వదిలేస్తుంది, పైగా అనుమతి లేకుండా కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసు.

సరే, ఇనుము దగ్గరికి వద్దాం. చవక లీవర్ రైఫిల్ అంటే అక్కడ సుమారుగా 300 నుంచి 450 డాలర్ల సరుకు. అమెరికాలో తయారయ్యే హెన్రీ హెచ్001, బ్రెజిల్ నుంచి వచ్చే రాస్సీ రియో బ్రావో లాంటివి. ఈ ధరలో మొత్తం ఉక్కుతో చేసి ఇవ్వడం ఎవరివల్లా కాదు, ఎక్కడో ఒకచోట మిగుల్చుకుంటారు. ఎక్కడ మిగుల్చుకున్నారు అన్నదే మనం పట్టుకోవాల్సింది.

ఎక్కువగా మిగుల్చుకునేది రిసీవర్ దగ్గర, అంటే ట్రిగ్గర్ పైన రెండు వైపులా కనిపించే ఆ పెద్ద నల్ల డబ్బా. హెచ్001లో అది ఉక్కు కాదు, అచ్చుపోసిన మిశ్రమ లోహం మీద రంగు. ఇలాంటి చోట్ల వాడే జమాక్ అనేది నూటికి 4 వంతుల అల్యూమినియం, కొంచెం రాగి, మెగ్నీషియం కలిపిన జింకు. బరువు చూసి కనిపెడదాం అనుకుంటే మోసపోతారు, ఎందుకంటే అల్యూమినియం సాంద్రత 2.7 అయితే జమాక్‌ది 6.6 దాటుతుంది, ఉక్కుది 7.8. చేతికి జమాక్, ఉక్కు రెండూ దాదాపు ఒకటే బరువు అనిపిస్తాయి. అందుకే అయస్కాంతం. ఫ్రిజ్ మీద అంటించేంత చిన్నది చాలు. షాపువాణ్ణి అడిగి, గీతలు పడకుండా మెత్తటి గుడ్డ మధ్యలో పెట్టి బ్యారెల్ (గొట్టం) మీద, బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసి పట్టే ముక్క) మీద, లీవర్ మీద, రిసీవర్ మీద ఒక్కొక్కచోట ఆనించండి. బ్యారెల్‌కీ బోల్ట్‌కీ గట్టిగా అంటుకోవాలి, అక్కడ అంటకపోతే రైఫిల్ అక్కడే పెట్టి బయటికి రండి. రిసీవర్‌కి అంటకపోతే మాత్రం కంగారు పడొద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, జింకు అనగానే మనకి ఆరు నెలలకే మర విరిగిపోయే నల్లా గుర్తొస్తుంది. నల్లా మరని మనం రోజూ మెలిపెడతాం, ఇక్కడ రిసీవర్‌కి వేసిన ఆ పై తొడుగు మీద అంత బలం పడదు. పాయింట్ 22 ఎల్‌ఆర్ తూటా పేలితే పుట్టే పీడనానికి పై హద్దు చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. పెద్ద రైఫిల్ తూటాల్లో కొన్నిటికి అది 60,000 దాటుతుంది. ఆ 24,000 పౌండ్లనీ ముందు తట్టుకునేది ఉక్కు బ్యారెల్, ఉక్కు బోల్ట్. హెచ్001 మూలం జర్మనీ ఎర్మా కంపెనీ ఈజీ 712 డిజైన్. హెన్రీ దీన్ని 1997లో బ్రూక్లిన్‌లో మొదలుపెట్టి ఇప్పటికీ అమ్ముతోంది. నా లెక్కలో రేంజ్‌లో డబ్బాలు కొట్టుకునేవాడికి ఇది చాలు. అయితే మరలు మళ్ళీమళ్ళీ విప్పి బిగిస్తే మెత్తటి లోహంలో గాట్లు అరిగిపోతాయి, కాబట్టి తొడుగు ఊరికే విప్పకండి, విప్పినా మర గాడికి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి.

ఇక ఫినిషింగ్. బ్యారెల్ నలుపు ఒకలా, రిసీవర్ నలుపు ఇంకోలా ఉందని చాలామంది వంక పెడతారు. అది చేతకానితనం వల్ల వచ్చింది కాదు. బ్యారెల్‌కి చేసేది బ్లూయింగ్, అంటే ఉక్కుని మరిగే కాస్టిక్ సోడా లవణాల్లో ముంచి పైపొరని నల్లటి ఆక్సైడ్‌గా మార్చడం. అదే తొట్టిలో జింకు, అల్యూమినియం ముంచితే అవి కరిగిపోతాయి, అందుకని వాటికి రంగు వేయడమే దారి. బ్లూయింగ్ గీసుకుపోతే తుప్పు పడుతుంది గానీ దాని మీద కొంచెం నూనె తుడిస్తే ఆగుతుంది. రంగు పెచ్చు లేస్తే కింద బూడిద రంగు లోహం కనిపిస్తుంది, తుప్పు పట్టదు, చూడ్డానికే బాగుండదు. కాబట్టి లీవర్ తగిలే చోట, తూటా ఖోళి బయటికి ఎగిరే కిటికీ అంచుల్లో రంగు అప్పుడే లేచిందేమో వెలుతురులో తిప్పి చూడండి. అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత చేతికి తగులుతుందా, లోపలి మూలల్లో అంచులు సాన పట్టకుండా వదిలేశారా చూడండి. పైకి కనిపించని చోట ఎంత శుభ్రంగా చేశారో దాన్ని బట్టి మిగతా పని అంచనా వేయొచ్చు, ఇది ఏ వర్క్‌షాపులోనైనా పనికొచ్చే లెక్క.

బంగారు రంగు రిసీవర్ ఉన్న గోల్డెన్ బాయ్ మీద మనవాళ్ళకి మోజు ఎక్కువ. అది అసలు ఇత్తడి కాదు, ఇత్తడిలా కనిపించే పూత వేసిన మిశ్రమ లోహం. ఇక్కడ అయస్కాంతం ఏమీ తేల్చదు, ఇత్తడికీ అంటదు, దీనికీ అంటదు. ముఖ్యమైన సంగతేంటంటే, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతోనో బ్రాసోతోనో రుద్దారంటే పూత పోతుంది. తడి గుడ్డతో తుడిచి పొడి గుడ్డ వేస్తే సరిపోతుంది.

కర్ర, అంటే భుజానికి ఆనించే భాగం, దాని విషయంలో హెన్రీ అమెరికన్ వాల్‌నట్ వాడుతుంది, రాస్సీలో బీచ్ చెక్క, లేదంటే ప్లాస్టిక్ కర్ర కూడా దొరుకుతుంది. వాల్‌నట్ రేఖలు అందంగా ఉంటాయి, బీచ్ గట్టిదే గానీ రంగు పూసి ముదురు చేస్తారు. నేనైతే చెక్క జాతి కంటే కర్ర లోహంతో కలిసే చోటే ఎక్కువసేపు చూస్తాను. లోహం కంటే చెక్క ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే పర్వాలేదు. సందు ఉంటే, ముఖ్యంగా రిసీవర్ వెనక తోక కర్రలోకి దిగే చోట సందు ఉంటే, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. రైఫిల్ పట్టుకుని కర్రని మెల్లగా పక్కలకి వంచి చూడండి, కిర్రుమన్నా కదిలినా వేరేది అడగండి.

ఇప్పుడు లీవర్. మూతి సురక్షితమైన వైపు పెట్టి, లోపల తూటా లేదని కళ్ళతో, వేలితో రెండుసార్లు చూసుకున్న తర్వాతే ముట్టండి. ట్యూబ్ మ్యాగజైన్, అంటే బ్యారెల్ కింద తూటాలు వరసగా నింపే గొట్టం, ఖాళీ అనిపించినా తూటాని పైకెత్తే పళ్ళెం మీద ఒకటి మిగిలిపోవచ్చు, అందుకని ట్యూబ్ బయటికి తీశాక కూడా లీవర్ మూడు నాలుగుసార్లు పూర్తిగా ఆడించాలి. ఆడించేటప్పుడు మొదట్లో కొంచెం గరుకు ఉంటే కొత్త సరుకు అనుకోవచ్చు, వాడగా నున్నబడుతుంది. ప్రతిసారీ ఒకేచోట పట్టేస్తే మాత్రం అది అచ్చు లోపమే. మూసిన లీవర్ పక్కలకి ఎంత ఊగుతుందో చూడండి, కాస్త ఊగడం సహజం, గలగలలాడితే వద్దు. ఖాళీ ట్రిగ్గర్ నొక్కకండి. పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్‌లో పిన్ను తూటా అంచుని కొడుతుంది, తూటా లేకపోతే ఆ దెబ్బ నేరుగా చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి తగిలి గుంట పడొచ్చు. ప్లాస్టిక్ డమ్మీ తూటాలు దొరుకుతాయి, అవి ట్యూబ్‌లో వేసి ఒకసారి నిదానంగా, ఒకసారి వేగంగా తిప్పి చూడమనండి. సగం తిప్పి వెనక్కి లాగితే ఎంత ఖరీదైనదైనా ఇరుక్కుంటుంది, అది రైఫిల్ తప్పు కాదు.

మూతి చివర అంచు, అంటే క్రౌన్, చుట్టూ సమంగా ఉండాలి. చిన్న గంటు పడినా తూటా పక్కకి పోతుంది. బ్యారెల్ లోపల అరుగుతుందేమో అన్న టెన్షన్ వద్దు, మెత్తటి సీసం తూటా ఉక్కుని అరగదీయదు. అరగదీసేది మనం తోసే శుభ్రం చేసే ఇనప కడ్డీ. చాలా లీవర్ రైఫిళ్ళకి వెనక నుంచి దారి ఉండదు కాబట్టి కడ్డీని మూతి వైపు నుంచి తోస్తారు, ఆ రాపిడికి క్రౌన్ పోతుంది. దాని బదులు వెనక నుంచి ముందుకి లాగే తాడు వాడండి. గురి చూసే సైట్లు చవక మోడళ్ళలో ప్లాస్టిక్ ఉంటాయి, మార్చుకోవచ్చు, దాని కోసం బేరం వదులుకోనక్కర్లేదు. స్కోప్ పెట్టేటట్లయితే అది కూర్చునేది పై తొడుగు మీద కాబట్టి తొడుగు మరలు వదులైతే గురి కూడా కదులుతుంది.

పూర్తి ఉక్కే కావాలి అనుకుంటే జపాన్‌లో మిరోకు చేసే బ్రౌనింగ్ బీఎల్-22 ఉంది, లీవర్ 33 డిగ్రీలు తిప్పితే చాలు. పాతవాటిలో మార్లిన్ 39ఏ, 1972 నుంచి 2005 దాకా వచ్చిన వించెస్టర్ 9422 దొరుకుతాయి. ధర మాత్రం రెట్టింపు దాటుతుంది, పాతదానికైతే మరల తలలు చెదిరి ఉన్నాయేమో ముందు చూడండి, చెదిరితే ఎవరో విప్పి కెలికారని అర్థం.

నూనె ఒక చుక్క, కుట్టు మిషన్ నూనె లాంటి పల్చటిది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాయకండి, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, అక్కడి చలికాలంలో బోల్ట్ కదలదు. ఇంకొకటి, రేంజ్‌కి తీసుకుపోయే బ్యాగుని ఊరికి వచ్చేటప్పుడు వాడకండి. వాడక తప్పకపోతే ప్రతి జేబూ బోర్లించి దులపండి, మూలన మిగిలిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.