పెట్టె విప్పాక సైకిల్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

పెట్టెలో కట్టి విమానంలోనో రైల్లోనో తీసుకెళ్ళిన సైకిల్‌ని దిగాక బిగిస్తే, మొదటి అరగంటలో ఏదో ఒక తేడా కనిపించడం మామూలే. చాలాసార్లు ఏదీ విరిగి ఉండదు. ఏదో ఒక భాగం దాని చోట్లో సరిగ్గా కూర్చుని ఉండదు, అంతే. అందుకే సర్దుబాటు స్క్రూల జోలికి పోయే ముందు అన్నీ కూర్చున్నాయో లేదో చూడాలి. బయల్దేరేముందు బాగా పనిచేసిన సర్దుబాట్లు దారిలో వాటంతటవి మారవు.

గేర్లు నిలవడం లేదు, చైన్ ఎగిరిపడుతోంది

ముందు అనుమానించాల్సింది గేర్ కేబుల్ పైగొట్టాన్ని. హ్యాండిల్ ఊడదీసి పక్కకు కట్టినప్పుడు కేబుల్ లాగుడుకు గొట్టం చివర ఫ్రేమ్ మీది గూడులోంచి బయటికి వచ్చి అంచు మీద ఆగిపోతుంది. అది చూసుకోకుండా కేబుల్ బిగువు మార్చే అడ్జస్టర్ తిప్పి గేర్లు కుదిర్చారనుకోండి, రెండు కిలోమీటర్ల తర్వాత గొట్టం గూడులోకి జారుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. వెనక అతి చిన్న పళ్ళచక్రానికి గేర్ మార్చండి. కేబుల్ వదులవుతుంది. గొట్టం ప్రతి చివరనూ వేలితో నొక్కి కూర్చోబెట్టి, అప్పుడు పరీక్షించండి.

అప్పటికీ కుదరకపోతే డీరైలర్ హ్యాంగర్ వంగి ఉంటుంది. డీరైలర్ అంటే చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం, హ్యాంగర్ దాన్ని ఫ్రేమ్‌కి తగిలించే చిన్న లోహపు ముక్క. సైకిల్ వెనక నిలబడి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ వాటి పైనున్న పళ్ళచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు వాలి ఉంటే వంగినట్టే. ఈ స్థితిలో అతి పెద్ద పళ్ళచక్రానికి గేర్ వేయకండి. డీరైలర్ స్పోకుల్లో ఇరుక్కుంటే చక్రం, డీరైలర్ రెండూ పోతాయి.

దెబ్బ తగిలితే ఫ్రేమ్ బదులు తానే వంగాలని హ్యాంగర్‌ని మెత్తగా చేస్తారు. డీరైలర్ బిగించే బోల్టులో 5 మి.మీ. ఎలెన్ కీ పెట్టి, దాన్ని పట్టుకుని మెల్లగా బయటికి లాగితే కొంత దారికొస్తుంది. ఇది దగ్గర్లోని మెకానిక్ దాకా చేరడానికే. పదే పదే వంచితే అల్యూమినియం విరుగుతుంది. అసలు వైద్యం కొలత పరికరంతో సరిచేయించడం, లేదా కొత్తది వేయడం. హ్యాంగర్ ఆకారం చాలావరకు ఫ్రేమ్‌ని బట్టి మారుతుంది, వెళ్ళిన ఊళ్ళో దొరుకుతుందన్న నమ్మకం లేదు. మీ ఫ్రేమ్‌కి సరిపోయేది ఒకటి సంచిలో ఉండాల్సిందే. చిటికెన వేలంత వస్తువు, ఇది లేక ప్రయాణాలు ఆగిపోతాయి.

తర్వాతిసారి కట్టేటప్పుడు అదే 5 మి.మీ. కీతో డీరైలర్‌ని విప్పండి. కేబుల్, చైన్ అలాగే ఉంచి, బబుల్ ర్యాప్ చుట్టి, వెనక త్రికోణం లోపలి వైపుకి జిప్ టైతో కట్టేయండి. పెట్టె ఏ పక్కకు పడినా దానికి దెబ్బ తగలదు.

డిస్క్ బ్రేకులో చక్రం దూరడం లేదు

చక్రం తీసేసి ఉన్నప్పుడు ఎవరో బ్రేక్ లివర్ నొక్కారు. హైడ్రాలిక్ పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు దగ్గరపడ్డాయి. ప్లాస్టిక్ టైరు లివర్‌ని ప్యాడ్ల మధ్య పెట్టి మెల్లగా విడదీస్తే వెనక్కి పోతాయి. స్క్రూడ్రైవర్ వద్దు, ప్యాడ్ పొర చెక్కుకుపోతుంది, ఒక్కోసారి పిస్టనే పగులుతుంది. ప్యాకింగ్ చేసేటప్పుడు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్, అది లేకపోతే మడిచిన శుభ్రమైన అట్టముక్క పెడితే ఈ గొడవే ఉండదు.

చక్రం దూరింది కానీ రాసుకుంటోందా? చుట్టుకు ఒకసారి మాత్రమే చప్పుడొస్తే డిస్క్ వంగింది. చప్పుడు ఆగకుండా వస్తుంటే ప్యాడ్లుండే కాలిపర్ పక్కకు జరిగింది: దాని రెండు బోల్టులు వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ బిగించండి. లివర్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే, సైకిల్ తలకిందులుగా ఉన్నప్పుడు గాలిబుడగ గొట్టంలోకి చేరి ఉంటుంది. నిలువుగా నిలబెట్టి లివర్ పలుమార్లు నొక్కండి. రాత్రంతా లివర్‌ని హ్యాండిల్‌కి కట్టి ఉంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆయిల్ బ్లీడ్ చేయించాలి, అంటే గొట్టంలోని గాలి తీయించాలి, అప్పటిదాకా తొక్కవద్దు.

ముందు బ్రేక్ వేస్తే టక్కుమంటోంది

హెడ్‌సెట్, అంటే ఫ్రేమ్‌లో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ళ భాగం) తిరిగే చోటి బేరింగులు, వదులుగా ఉంది. హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్ పక్క బోల్టుల్ని ముందు బిగించేసి, దాని పైమూతను తర్వాత తిప్పితే ఇలాగే అవుతుంది. ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కీ ఊపుతూ, ఫోర్క్ ఫ్రేమ్‌ని కలిసే చోట వేళ్ళు ఉంచండి. కదలిక చేతికి తెలుస్తుంది.

పక్క బోల్టులు రెండూ వదులు చేయండి. పైమూత బోల్టుని పావు చుట్టు చొప్పున, ఊగుడు పోయేదాకా మాత్రమే తిప్పండి. హ్యాండిల్ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగాలి, బరువెక్కితే ఎక్కువైనట్టు. తర్వాత స్టెమ్‌ని ముందు చక్రంతో సూటిగా పెట్టి, పక్క బోల్టుల్ని మార్చి మార్చి బిగించండి. ఎంత బిగించాలో స్టెమ్ మీదే న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది, సాధారణంగా 5 దగ్గర. కార్బన్ భాగాలకైతే బిగింపు కొలిచే చిన్న టార్క్ కీ తప్పనిసరి.

పెడల్ ఎక్కడం లేదు, లేదా రావడం లేదు

ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. పైనుంచి స్పానర్ పట్టుకుంటే రెండు పక్కలా ఒకటే లెక్క: ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది. కావలసింది 15 మి.మీ. స్పానర్, లేదంటే 6 లేక 8 మి.మీ. ఎలెన్ కీ. మీ పెడల్‌కి ఏది పడుతుందో ఇంట్లోనే చూసుకోండి. మొదటి మూడు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. వేళ్ళకు తిరగకపోతే మర అడ్డం పడింది, స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంక్ మర చితికిపోతుంది. మరలకు కాస్త గ్రీజు రాస్తే తిరుగు ప్రయాణంలో కుస్తీ పట్టక్కర్లేదు.

టైర్లో గాలి లేదు

పగిలిందని కంగారు పడకండి, విమానానికి ముందు మీరే తీసి ఉంటారు. నిజానికి సరుకుల గదిలోనూ గాలి ఒత్తిడి ఉంచుతారు. అది ఏ మాత్రం లేకపోయినా టైరు మీద పెరిగే భారం 15 పీఎస్ఐ లోపే. అయినా విమాన సంస్థ తీయమంటే తీయాల్సిందే, కానీ మొత్తం తీయకండి. కొంత ఉంటే రిమ్‌కి దెబ్బ తగలదు, ట్యూబ్‌లెస్ టైరు రిమ్ నుంచి ఊడి లోపలి సీలెంట్ ద్రవం కారదు.

ఒక బోల్టు కనిపించడం లేదు

తనిఖీలో పెట్టె తెరుస్తారు, చిన్న సామాన్లు పెట్టె చేతిపిడి కన్నాల్లోంచి రాలిపోతాయి. బోల్టులు, యాక్సిళ్ళు, స్పేసర్లు అన్నీ ఒకే జిప్ సంచిలో వేసి దాన్ని ఫ్రేమ్‌కి కట్టండి. కన్నాలకు టేపు వేయండి. చక్రం తీసేసిన ఫోర్క్ చివరల మధ్య ప్లాస్టిక్ అడ్డం పెట్టడం మరవకండి, లేదంటే పైన బరువు పడితే కాళ్ళు లోపలికి వంగుతాయి.

పనిముట్ల సంచిలో: 4, 5, 6, 8 మి.మీ. ఎలెన్ కీలు, టీ25 (నక్షత్రం ఆకారపు తల కీ), పెడల్ స్పానర్, చిన్న టార్క్ కీ, చైన్ విప్పే పరికరం, చైన్‌కి సరిపోయే క్విక్ లింకు (తెగిన చైన్‌ని కలిపే కొక్కెం), టైరు లివర్లు రెండు, ట్యూబు, ప్యాచ్‌లు, చేతిపంపు, హ్యాంగర్, పది జిప్ టైలు, ఎలక్ట్రికల్ టేపు. సీటు ఎత్తుకి గుర్తుగా సీటు గొట్టం చుట్టూ ఆ టేపే ఒక చుట్టు వేయండి. ఈ సంచి పెద్ద లగేజీలోనే పంపండి, చేతిసంచిలో స్పానర్లు ఆపేస్తారు. ఎలక్ట్రానిక్ గేర్ల విడి బ్యాటరీలు మాత్రం దీనికి భిన్నంగా చేతిసంచిలోనే. సీఓ2 గుళికలకు సంస్థ అనుమతి ముందే అడగాలి, చేతిపంపుకి ఆ తలనొప్పి లేదు. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ 160 వాట్ అవర్లు దాటితే ప్రయాణికుల విమానంలో సామానుగా ఒప్పుకోరు. వాటిలో ఎక్కువభాగం దాటినవే.