విండోస్‌లో అక్షరాలు, బొమ్మలు సరిగా కనిపించనప్పుడు: సమస్య - పరిష్కారం

విండోస్‌లో ఏ సాధారణ ప్రోగ్రామూ తెరపై గానీ కాగితంపై గానీ స్వయంగా గీయదు. ఫలానా చోట ఫలానా అక్షరాలు కావాలని ఆపరేటింగ్ సిస్టంను కోరితే, జీడీఐ లేదా డైరెక్ట్‌రైట్ వంటి, గీసే పనిచూసే విండోస్ భాగం ఆ కోరికను అందుకొని, డ్రైవర్ (పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాము) సాయంతో ఆ పరికరానికి తగిన చుక్కలుగా మారుస్తుంది. అందువల్ల లోపం కనబడగానే డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కంటే, ఏ దశలో చెడిందో ముందుగా తేల్చుకోవడం మేలు.

సమస్య: ఒత్తులు విడిపోతున్నాయి.
"విద్య" అనే మాట "విద్‌య"గా కనిపిస్తుంది. మెమరీలో ద, పొల్లు, య విడివిడి సంకేతాలుగానే ఉంటాయి. వాటిని కలిపి య-ఒత్తుగా మార్చే పని ఫాంటులోని నియమాలదీ, వాటిని అమలుచేసే షేపింగ్ ఇంజిన్‌దీ. అదే మాటను నోట్‌ప్యాడ్‌లో అతికించి, నిర్మల యూఐ ఫాంటులో చూడండి. అక్కడ సరిగా ఉంటే మొదటి ప్రోగ్రాములోని ఫాంటును మార్చాలి, ఫలితం లేకపోతే ప్రోగ్రామునే అప్‌డేట్ చేయాలి. నోట్‌ప్యాడ్‌లోనూ విడిపోతే పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరమేదో చేరి ఉండవచ్చు కనుక, ఆ మాటను చెరిపి మళ్లీ టైపు చేయండి.

సమస్య: ఒక్క ప్రోగ్రాములోనే అక్షరాలు మసకగా ఉన్నాయి.
తెర స్కేలింగ్ (అన్నిటినీ పెద్దవిగా చూపే సెట్టింగు) 150 శాతం ఉన్నా, పాత ప్రోగ్రాము అంగుళానికి 96 చుక్కలనే లెక్కతోనే గీస్తుంది. సిస్టం ఆ బొమ్మను సాగదీసి చూపుతుంది. ప్రోగ్రాము ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ కింద హై డీపీఐ సెట్టింగులు తెరిచి, ముందుగా "సిస్టం (ఎన్‌హాన్స్‌డ్)" ఎంచుకోండి. "అప్లికేషన్" ఎంచుకుంటే స్పష్టత వచ్చినా, బటన్లు మరీ చిన్నవి కావచ్చు.

సమస్య: తెరపై బాగుంది, ముద్రణలో చెడింది.
ముందు పీడీఎఫ్‌గా ముద్రించండి. అది బాగుంటే లోపం ప్రింటర్ డ్రైవర్ వైపు ఉన్నట్లే. పీడీఎఫ్ రీడర్‌లో "ప్రింట్ యాజ్ ఇమేజ్" ఉంటే దానితో పని గడుస్తుంది.

సమస్య: కొంతసేపటికి బటన్లు మాయమై, విండో నల్లబడుతోంది.
టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్‌లో "జీడీఐ ఆబ్జెక్ట్స్" (గీయడానికి ప్రోగ్రాము సృష్టించుకునే పెన్ను వంటి సాధనాల సంఖ్య) కాలమ్‌ను చేర్చి, ఆ అంకె తగ్గకుండా పెరుగుతూ పోతోందేమో గమనించండి. ఒక్కో ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు) మామూలుగా ఉండే పరిమితి 10,000. గీసిన ప్రతిసారీ ఒక పెన్నును సృష్టించి వదిలేసే ప్రోగ్రాము, సెకనుకు 10 సార్లు గీస్తే, 17 నిమిషాల లోపే ఆ పరిమితిని తాకుతుంది. వాడేవారికి ప్రోగ్రామును మూసి తెరవడమే తక్షణ ఉపాయం. ప్రోగ్రామును రాసినవారు మాత్రం గీయడం అయ్యాక, అంతకుముందున్న పెన్నును డివైస్ కాంటెక్స్ట్ (ఎక్కడ, ఏ సాధనాలతో గీయాలో గుర్తుంచుకునే నిర్మాణం)లోకి తిరిగి ఎంపిక చేసి, తాము సృష్టించినదాన్ని డిలీట్‌ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్‌తో తొలగించాలి. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల భాండారంలో) పరిమితిని పెంచినా లీకు, అంటే సాధనాలను తొలగించకుండా వదిలేయడం, ఆగదు, విండో నల్లబడడం కాస్త ఆలస్యమవుతుందంతే.